నెట్ లేకుండా వర్చువల్ లోకంలో పాఠం: పర్లాకిమిడిలో మా అరుగు మీద పద్ధతి

మా ఇంటి అరుగు మీద రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పన్నెండు మంది పిల్లలు కూర్చుంటారు. అందరూ ఐదో తరగతికీ ఎనిమిదో తరగతికీ మధ్య వాళ్లే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది ఒడియా. పర్లాకిమిడిలో ఇది కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు మా ఊరు అటు చేరింది. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. మా పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, రాయమంటే మాత్రం పెన్ను పక్కన పెట్టేస్తారు. లెక్కలు వచ్చు, కానీ ఆ లెక్క దేనికో తెలియదు. ఈ రెండింటికీ కలిపి నాకు దొరికిన దారి ఒక కంప్యూటర్ ఆట. దాన్ని పాఠంగా ఎలా వాడుతున్నానో, ఎక్కడ దెబ్బతిన్నానో, మీరు మొదలుపెడితే ఏ వరసలో వెళ్లాలో చెప్తాను.

ముందు ఒక్క మాట. వర్చువల్ లోకం అనగానే కళ్లకు పెట్టుకునే హెడ్‌సెట్లు గుర్తొస్తాయి. నేనూ మొదట అదే అనుకుని అట్టపెట్టె కళ్లద్దాలు నాలుగు తెప్పించాను. అవి పనిచేయాలంటే ఫోన్‌లో జైరోస్కోప్ సెన్సర్ ఉండాలి. తల తిప్పినప్పుడు బొమ్మ కూడా తిరగాలంటే అదే ఆధారం. మా పిల్లల ఇళ్లలో ఉన్న తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో అది లేదు. డబ్బు పెట్టే ముందు ఆ ఫోన్ వివరాల్లో జైరోస్కోప్ అని ఉందో లేదో చూసుకోండి. అసలు ఆ కళ్లద్దాలతో పిల్లలు చూస్తారంతే, ఏదీ కట్టరు. నాకు కావలసింది కట్టే లోకం.

అలా దొరికింది లువాంటీ. 2024 దాకా దాని పేరు మైన్‌టెస్ట్, పాత పాఠాల్లో, వీడియోల్లో ఆ పేరే ఉంటుంది, రెండు పేర్లతోనూ వెతకండి. 2010లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అన్నిటిలో నడుస్తుంది. అందులో లోకమంతా ఘనాకారపు దిమ్మలే. మా పిల్లలు వాటిని ఇటుకలంటారు, నేనూ అదే అంటాను. ఒక్కో ఇటుక ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు అని లెక్క. డబ్బు పెట్టి కొనేవాటిలో మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్ బాగుంటుంది, కానీ దానికి లైసెన్సు కొనాలి, ఒక్కొక్కరికీ అకౌంట్ ఉండాలి. 2003లో వచ్చిన ఆన్‌లైన్ లోకం సెకండ్ లైఫ్‌లో చాలా దేశాల కాలేజీలు క్లాసులు నడిపాయి, అయితే అది పెద్దల కోసం ఉన్న చోటు, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లకూడదు.

నేను లువాంటీనే పట్టుకోడానికి అసలు కారణం వేరు. అది నా ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది, ఎవరో మూసేస్తే పోయేది కాదు. అంతకుముందు ఏడాది చందా కట్టి ఒక పాఠాల యాప్ వాడాను. నెల ముందు ఒక మెయిల్ పంపి మూసేశారు. పిల్లలు ఆరు నెలలు గీసిన బొమ్మలు, రాసిన మాటలు దాంతోపాటే పోయాయి. ఒక అమ్మాయి తన పేజీ ఏదని నెల రోజులు అడిగింది. పెద్ద కంపెనీల సంగతీ అంతే. హెడ్‌సెట్లతో దూరపు చోట్లు చూపించిన గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ 2021లో ఆగిపోయింది, ఆన్‌లైన్‌లో గదులు కట్టి కలుసుకునే మొజిల్లా హబ్స్‌ను 2024 మే 31న మూసేశారు. అందుకే పిల్లల పని నా చేతిలో ఉండాలి, పెన్‌డ్రైవ్‌లో పట్టాలి అని గట్టిగా నిర్ణయించుకున్నాను.

కావలసిన సరంజామా: ఒక మామూలు ల్యాప్‌టాప్ (నాది పాతది, నాలుగు జీబీ ర్యామ్), నాలుగు ఆండ్రాయిడ్ ఫోన్లు, వైఫై ఇవ్వడానికి మరో ఫోన్, పది మీటర్ల నైలాన్ తాడు, దర్జీ టేపు, గళ్ల కాగితాలు, ఒక్కొక్కరికీ ఒక నోట్‌బుక్. ఫోన్లు నలుగురు తల్లిదండ్రులు సాయంత్రం రెండు గంటలు ఇస్తున్నారు. అడిగేటప్పుడు "ఆట" అనకండి. ఏం చేయిస్తున్నారో ఒకరోజు వాళ్లను కూర్చోబెట్టి చూపించండి. మా వీధిలో అలా చూశాకే ఇచ్చారు.

ల్యాప్‌టాప్‌లో లువాంటీ వేసుకోడానికి ఒక్కసారి మాత్రం ఇంటర్నెట్ కావాలి. వేశాక లోపల కంటెంట్ అనే ట్యాబ్ ఉంటుంది, అందులోకి వెళ్లి "మైన్‌టెస్ట్ గేమ్" అనే ప్యాకేజీ కూడా దించుకోండి. 2023 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచి అది విడిగా దించుకోవాల్సి వస్తోంది. ఇది తెలియక నేను ఖాళీ తెర ముందు ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. ఫోన్లలో లువాంటీ యాప్ ఒక్కటి ఉంటే చాలు, మిగిలిన బొమ్మలన్నీ ల్యాప్‌టాప్ నుంచి అవే వస్తాయి. యాప్ వెర్షన్ అన్నిటిలో ఒకటే ఉండేలా చూసుకుంటే తలనొప్పి తగ్గుతుంది.

తర్వాత కొత్త లోకం తయారు చేయండి. భూమి ఎలా ఉండాలని అడిగేచోట "ఫ్లాట్" ఎంచుకోండి. కొండలు, గుహలు ఉన్న లోకం ఇస్తే పిల్లలు గుహల్లోకి దూరి మళ్లీ పాఠానికి రారు. క్రియేటివ్ మోడ్‌కు టిక్ పెట్టండి, డ్యామేజ్‌కు టిక్ తీసేయండి. అప్పుడు ఇటుకలకు కొదవ ఉండదు, ఎవరూ పడి చావరు. ఫోన్లు ఈ లోకంలోకి రావాలి కాబట్టి హోస్ట్ సర్వర్‌కు టిక్ పెట్టండి. అనౌన్స్ సర్వర్‌కు మాత్రం పెట్టకండి, పెడితే మీ లోకం పేరు ఊరందరికీ కనిపించే జాబితాలోకి వెళ్తుంది. మన లోకంలోకి మన పిల్లలు తప్ప ఇంకెవరూ రాకూడదు, ఈ విషయంలో నేను రాజీ పడను. పోర్టు నంబరు 30000 అని ముందే ఉంటుంది, దాన్ని అలాగే వదిలేయండి. విండోస్ ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కు అనుమతించండి.

ఇప్పుడు అయిదో ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, మొబైల్ డేటా ఆపేయండి. ల్యాప్‌టాప్‌నూ నాలుగు ఫోన్లనూ ఆ హాట్‌స్పాట్‌కే కలపండి. కాసేపటికి ఫోన్లలో "ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, అయినా ఉండాలా" అని ఒక ప్రశ్న వస్తుంది. ఉండాలనే నొక్కాలి. అది చూసుకోకపోతే ఫోన్ చడీచప్పుడు లేకుండా సొంత డేటాకు మారిపోతుంది, పిల్లాడు లోకంలోంచి బయటపడతాడు. మా దగ్గర మొదటి వారం సగం గొడవలు దీనివల్లే. ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ వైఫై వివరాల్లో కనిపిస్తుంది, 192.168తో మొదలయ్యేది ఎక్కువగా ఉంటుంది. దాన్ని బోర్డు మీద పెద్దగా రాసి పెట్టండి. ఫోన్‌లో జాయిన్ గేమ్‌లో ఆ అడ్రస్, పోర్టు, ఒక పేరు, పాస్‌వర్డ్ ఇస్తే లోపలికి వచ్చేస్తారు. పిల్లల అసలు పేర్లు పెట్టించకండి. మావాళ్లు చెట్ల పేర్లు పెట్టుకున్నారు: మామిడి, పనస, జీడి, ఈత. కరెంటు పోయినా బ్యాటరీ ఉన్నంతసేపు పాఠం నడుస్తుంది, మా ఊరికి ఇది చాలా పెద్ద సుఖం.

యంత్రాల సంగతి ఇంతే. అసలు పని ఇక్కడినుంచి.

మొదటి రెండు రోజులు ఫోన్లు ముట్టనివ్వకండి. తాడుతో మొదలుపెట్టండి. మీటరుకొక ముడి వేద్దామని మేం మొదట అనుకున్నాం. ముడి వేసిన ప్రతిసారీ తాడు కురచైపోయింది, పదో ముడి దగ్గరికొచ్చేసరికి అరమీటరు తేడా. అప్పుడు ముడులు విప్పేసి, మీటరుకొక ఎర్ర గుడ్డపేలిక కట్టాం. ఇది పిల్లల చేతే చేయించండి. కొలతబద్ద ఎలా పుడుతుందో వాళ్లకు తెలిసేది అప్పుడే. ఆ తాడుతో అరుగు కొలిచారు. ఆరు మీటర్లు పొడవు, మూడు మీటర్లు వెడల్పు. గళ్ల కాగితం మీద ఆరు గళ్లు, మూడు గళ్లు గీశారు. మూడో రోజు లోకంలో ఆరు ఇటుకలు, మూడు ఇటుకలు పరిచారు. పది నిమిషాల్లో అరుగు తయారైంది. పద్దెనిమిది ఇటుకలు పట్టాయి. "వైశాల్యం అంటే ఇదేనా మేస్టారూ!" అని ఏడో తరగతి పిల్లాడు అన్నాడు. బడిలో వాడు దాన్ని క్షేత్రఫళ అని ఏడాదిగా చదువుతున్నాడు.

ఈ రెండు భాషల పేర్ల సంగతి మా సరిహద్దులో పాఠాలు చెప్పేవాళ్లు మొదటి రోజే తేల్చుకోవాలి. నేను బోర్డుకు మధ్యలో గీత గీసి ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఒడియా మాట తెలుగు లిపిలో రాస్తాను. వ్యాసం, బ్యాస. పరిధి, పరిధి. వైశాల్యం, క్షేత్రఫళ. సగం మాటలు ఒకటే అని తెలిసేసరికి పిల్లల టెన్షన్ సగం తగ్గిపోతుంది. ఇదే ఊళ్లో రాజావారి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని తానే ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. ఆయన నడిచిన వీధుల్లో ఉంటూ, పిల్లాడి ఇంటి మాటను పక్కకు నెట్టి పాఠం చెప్పడం నాకు చేతకాదు.

నాలుగో రోజు పెరట్లో నుయ్యి కొలిచాం. మాది పాత నుయ్యి, పైన ఇనుప జాలీ ఉంది. జాలీ లేని నూతి దగ్గరికి పిల్లల్ని కొలతలకు తీసుకెళ్లొద్దు, చెట్టు చుట్టూ ఉన్న గట్టయినా సరిపోతుంది. నూతి వార మీదుగా అడ్డంగా టేపు పట్టారు: 2 మీటర్ల 40 సెంటీమీటర్లు. చుట్టూ తాడు తిప్పి గుర్తు పెట్టి, తాడు విప్పి కొలిచారు: 7 మీటర్ల 55. ఎనిమిదో తరగతి అమ్మాయి భాగించింది, 3.14 దాటి కొంచెం వచ్చింది. రెండోసారి తాడు బిగించి పట్టి మళ్లీ కొలుస్తానంది.

లోకంలోకి వెళ్లాక చిక్కొచ్చింది. ఇటుకకు ఒక మీటరు అయితే 2.4 మీటర్ల నుయ్యి రెండు ఇటుకల వెడల్పు. నాలుగు ఇటుకలు పెడితే చదరం వస్తుంది. "ఇది నుయ్యి కాదు మేస్టారూ, తొట్టి" అన్నారు. నేను జవాబు చెప్పకుండా గళ్ల కాగితం ఇచ్చాను. గంటసేపు గొడవపడ్డాక వాళ్లే అన్నారు, ఇటుకను చిన్నది చేద్దామని. లోకంలో ఇటుక చిన్నదవదు, కానీ దాని విలువ మార్చొచ్చు. ఇటుకకు 20 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు నుయ్యి 12 ఇటుకల వెడల్పు. పటం తీసేవాళ్లు స్కేలు అనేది ఇదే. ఆ మాట నేను తర్వాతే చెప్పాను.

12 గళ్ల చదరంలో గుండ్రం గీయడం ఇలా చేశాం. కాగితం మీద మధ్య బిందువు నుంచి 6 గళ్ల దూరంలో కంపాసుతో వృత్తం గీశారు. ఏ గడి నడిబొడ్డు వృత్తం లోపల పడిందో ఆ గడికి రంగు వేశారు, బయట పడిన గడిని వదిలేశారు. వరసకు ఎన్ని గళ్లు వచ్చాయంటే, పైనుంచి కిందికి: 4, 8, 10, 10, 12, 12, 12, 12, 10, 10, 8, 4. మీ పిల్లలకు ఈ అంకెలు ముందే చెప్పేయకండి, వాళ్లు వేసింది సరిచూసుకోడానికి మీ దగ్గర ఉంచుకోండి. మొత్తం కూడితే 112. వ్యాసార్థం 6, దాని వర్గం 36. 112ను 36తో భాగిస్తే 3.11. తాడుతో వచ్చిన అంకెకూ ఇటుకలు లెక్కపెడితే వచ్చిన అంకెకూ అంత దగ్గర పోలిక చూసి అరుగు మీద ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. పై (π) విలువ 22/7 అని మూడేళ్లుగా బట్టీ పట్టిన పిల్లలు వాళ్లు. అది నూతిలోంచే వస్తుందని ఆ రోజు చూశారు.

ఆ అంకెల ప్రకారం లోకంలో నుయ్యి కట్టారు. 20 సెంటీమీటర్ల లెక్కన చూస్తే లోకంలో మనిషి బొమ్మ మోకాలెత్తు కూడా ఉండదు. నూతి వార చుట్టూ నడుస్తుంటే చెరువు గట్టు మీద నడిచినట్టుంది. "మన నూతిలో బల్లి ఇలాగే చూస్తాది కదా" అంది చిన్నది. లెక్క చెప్పడానికి నాకు అంతకంటే మంచి మాట దొరకదు, బోర్డు మీద రాసి ఉంచాను.

తెలుగు రాత సంగతికి వస్తాను. లోకంలో బోర్డులు పాతొచ్చు, వాటి మీద రాయొచ్చు. ఇదిగో తెలుగు చదివించే దారి దొరికిందని సంబరపడ్డాను. ఫోన్‌లో తెలుగు కొడితే మా తెర మీద ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఫాంట్ మార్చి చూస్తే అక్షరాలు వచ్చాయి కానీ ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడ్డాయి. దాంతో రెండు రోజులు పోరాడి వదిలేశాను. దానికి బదులు చేసిన ఏర్పాటు ఇప్పుడు నాకు అసలు పాఠం కంటే విలువైనదిగా కనిపిస్తోంది. బోర్డు మీద అంకె మాత్రమే వేస్తాం: 1, 2, 3. అరుగు మీద నోట్‌బుక్‌లో అదే అంకె ఉన్న పేజీ ఉంటుంది. ఆ చోటు గురించి అక్కడ తెలుగులో చేత్తో రాయాలి. లోకంలో 7వ బోర్డు దగ్గరికొచ్చిన పిల్లాడు నోట్‌బుక్ తీసి 7వ పేజీ పైకి చదవాలి, చదివితేనే తర్వాత బోర్డు ఎటు ఉందో తెలుస్తుంది.

అక్కడ ఒక తెలుగు పాఠం తనంతట తానే వచ్చింది. ఒక అమ్మాయి "నుయ్యి నుంచి మెట్లకు 14 అడుగులు" అని రాసింది. పైకి చదువుతూ ఆగిపోయి, "అలా అనం కదా మేస్టారూ, నూతి నుంచి అంటాం" అంది. మరి నుయ్యి నూతి ఎందుకైంది? అప్పుడు అందరం కలిసి జాబితా వేశాం. ఇల్లు, ఇంటి. ఏరు, ఏటి. ఊరు, ఊరి. పెరడు, పెరటి. వాకిలి, వాకిటి. గోడ మాత్రం గోడే. నోటితో రోజూ సరిగ్గా అంటున్నదే చేత్తో రాయడానికి వాళ్లకు రాదనుకున్నారు. ఆ రోజు నుంచి రాసే ముందు పైకి అని చూసుకుంటున్నారు. తప్పులు దిద్దడానికి నేను ఎర్ర పెన్ను వాడను. పేజీ చదివిన పిల్లాడు దారి తప్పితే రాసిన పిల్లాడే వెళ్లి పేజీ మారుస్తాడు.

పన్నెండు మందికి నాలుగు ఫోన్లు ఎలా సరిపోతాయని అడుగుతారు. మనిషికొకటి ఇవ్వకపోవడమే మంచిది. ముగ్గురికొక ఫోన్. ఒకరి చేతిలో ఫోన్, ఒకరి చేతిలో గళ్ల కాగితం, ఒకరి చేతిలో నోట్‌బుక్. ఫోన్ పట్టుకున్నవాళ్లు సొంతంగా ఒక్క ఇటుకా పెట్టకూడదు, కాగితం చూసేవాళ్లు చెప్పినట్టే పెట్టాలి: "తూర్పుకు నాలుగు, పైకి రెండు". పది నిమిషాలకొకసారి చేతులు మారాలి. దీనివల్ల మాట్లాడటం తప్పనిసరి అవుతుంది, తెర మీద కళ్లు ఉండే సమయం మూడోవంతుకు తగ్గుతుంది. మొత్తం మీద ఫోన్ పని ముప్పై నిమిషాలు దాటనివ్వను.

గొడవలు వస్తాయి. రెండో వారం ఒక జట్టు కట్టిన గోడను ఇంకో జట్టు తవ్వేసింది. ఏడుపులు, తిట్లు. ఆ రోజు నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. మర్నాటి నుంచి ప్రతి సాయంత్రం పాఠం అవగానే లువాంటీలోని వరల్డ్స్ ఫోల్డర్‌ను ఆ తేదీ పేరుతో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నాను. లోకం మూసేశాకే కాపీ చేయాలి, నడుస్తుండగా చేస్తే పాడైపోవచ్చు. ఇప్పుడు ఏది కూలినా నిన్నటి లోకం తెరుస్తాను. కూల్చినవాళ్ల పనీ ఆ రోజుది పోతుంది కాబట్టి ఎవరి గోడ జోలికీ ఎవరూ పోవడం లేదు. పనుల కోసం అమ్మానాన్నలతో సూరత్ వెళ్లిపోయిన ఒక పిల్లాడికి ఆ ఫోల్డరే జిప్ చేసి పంపాను. వాడు అక్కడ తెరిచి చూసి, నూతి పక్కన అరటిచెట్టు పెట్టలేదేమని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

ల్యాప్‌టాప్‌లో ఎఫ్‌5 నొక్కితే నిలబడిన చోటు తాలూకు మూడు అంకెలు కనిపిస్తాయి. రుణ సంఖ్యలు చెప్పడానికి ఇది బంగారం లాంటిది, సున్నా దాటి అటు నడిస్తే మైనస్ వస్తుంది. ఇక్కడ వై అంటే ఎత్తు అని మాత్రం ముందే చెప్పండి, తొమ్మిదో తరగతి గ్రాఫులో వేరేగా ఉంటుంది.

మిగతా సాధనాల్లో నేను గట్టిగా చెప్పేది స్టెల్లేరియం. ఉచితం, ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు, ల్యాప్‌టాప్‌లో ఆకాశమంతా దిగుతుంది. ఎఫ్‌6 నొక్కి మన ఊరి చోటు పెట్టాలి. పర్లాకిమిడి దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువనక్షత్రం కూడా ఉత్తరాన నేల అంచు నుంచి సుమారు 19 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. దీన్ని తెర మీద చూపించి ఊరుకోకండి. చెయ్యి బారుగా చాచి పిడికిలి పట్టుకుంటే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. పిడికిలి మీద పిడికిలి, రెండు పిడికిళ్లు. పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్లి ఉత్తరం వైపు అలా కొలవమన్నాను. రెండో పిడికిలి పైఅంచు దగ్గర ఒక మామూలు చుక్క కనబడింది. "ఇంత చిన్నదా!" అన్నారు. ధ్రువుడు పెద్దగా మెరుస్తాడని అందరూ అనుకుంటారు. తర్వాత కిందికొచ్చి స్టెల్లేరియంలో ఎల్ నొక్కి కాలాన్ని పరిగెత్తిస్తే చుక్కలన్నీ తిరుగుతున్నా అదొక్కటే కదలకుండా నిలిచింది. ఒక పిల్లాడి నాయనమ్మ చలికాలంలో వచ్చి తెర మీద కృత్తికల్ని చూసి "ఇది పిల్లలకోడి కదేటి" అంది. ఆ పేరు పిల్లలెవరికీ తెలియదు. నోట్‌బుక్‌లో దానికీ ఒక పేజీ పెట్టాం.

తెర మీద చేసే ఫెట్ సైన్సు ప్రయోగాలు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంవి, నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. తెలుగులోకి అనువదించినవి భాషల జాబితాలో కనిపిస్తాయి. ఒక్కో ప్రయోగాన్ని ఫైలుగా దించుకుని నెట్ లేకుండా బ్రౌజర్‌లో తెరవొచ్చు. నేను త్రాసు బొమ్మతో మొదలుపెడతాను. ప్రభుత్వ బడిపాఠాల దీక్షా యాప్‌లో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఎంచుకుంటే తెలుగు పాఠాలు వస్తాయి, వైఫై దొరికినచోట దించి పెట్టుకోండి. రేఖాగణితం బొమ్మలు, గ్రాఫులు గీసే జియోజీబ్రా పై తరగతులవాళ్లకు మంచిదే, నేను ఎక్కువ వాడలేదు. గూగుల్ ఎర్త్ మాత్రం మొదటి రోజు పది నిమిషాలు తప్పకుండా చూపించండి. మహేంద్రతనయ, వంతెన, రైలు పట్టాలు, తమ వీధి పైనుంచి చూశాక పిల్లలకు పటం అంటే భయం పోతుంది.

పోయిన వారం నూతి లోకం పూర్తయిందనుకుని పెద్దవాళ్లను పిలిచాం. ఎనిమిది మంది వచ్చారు. అమ్మలు, ఒక తాత, ఆ నాయనమ్మ. పిల్లలు ఫోన్లు వాళ్ల చేతికిచ్చి, పక్కన కూర్చుని నోట్‌బుక్ చదువుతూ బోర్డు తర్వాత బోర్డు తిప్పి చూపించారు. అరుగు, మెట్లు, నుయ్యి, జామచెట్టు. పెరట్లో చివరి బోర్డు దగ్గర నాయనమ్మ ఆగిపోయింది. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "అంతా బాగుంది గానీ మేస్టారూ, తులసికోట ఏదీ?" అంది. పన్నెండు మందిలో ఎవరికీ గుర్తు రాలేదు, నాకూ గుర్తు రాలేదు.

మర్నాడు ఆరింటికి ముందే వచ్చి టేపు పట్టారు. కోట వెడల్పు 60 సెంటీమీటర్లు. మూడు ఇటుకలు.